అరవై గ్రాములు

మతుజీన్యుష్ రేవుకి పడవలు ఇంకా తిరిగి రాలేదు.
సెలూన్ షట్టర్ సగం ఎత్తి
చిన్న దీపం కింద ఉడికిన గుడ్డు తింటున్నాను.
ఒకటి. ఆరు గ్రాములు. పావుగంట.

పూర్వం నాలుగు గుడ్లు నిలబడే తినేదాన్ని,
అద్దాల వైపు వీపు పెట్టి.
ఇప్పుడు నా కడుపు అరటిపండంత.
కోసిన మిగతాది ఏ బకెట్లోకి పోయిందో
అడగాలనుకుని అడగలేదు.

"రోజుకి అరవై," అంది ఒందీనా,
ఆసుపత్రిలో తిండి లెక్కలు చెప్పే పిల్ల.
"ముందు ప్రోటీన్. తర్వాత కూర. చోటుంటే రొట్టె."
చోటుండదు.
ఎదురు బేకరీ ఆయన ఈ మధ్య
నన్ను చూసి ముఖం తిప్పుకుంటున్నాడు.

ఆకలి రుచెరగదంటారు.
నాకసలు ఆకలే లేదు, అడ్రసు చెప్పకుండా ఇల్లు మారింది.
గడియారం తినమంటే తింటాను,
డబ్బా మీది చెంచా కొలత తాగమంటే
వెనిల్లా పొడి కలుపుకుని తాగుతాను.
తడిసిన సుద్దముక్క వాసన.
గ్లాసు అడుగున ఎప్పుడూ రెండు ఉండలు, కరగవు,
వాటిలో ఎన్ని గ్రాములుంటాయో ఎవరికీ తెలీదు.

నాలుగో నెలలో దువ్వెన నిండింది.
ఎవరిదో అనుకున్నాను,
సెలూన్లో వెంట్రుక ఎవరిదైనా కావచ్చు కదా.
రాగి రంగు. పోయిన ఆదివారం నేనే వేసుకున్న రంగు.
స్నానాల గది జాలీలో
ఎలుకపిల్లంత ఉండ.

ముప్పై ఏళ్లుగా ఊరి తలలన్నీ నా చేతుల మీదుగా నడిచాయి.
నా తల నాతో మాట మాత్రం అనకుండా
రాలిపోతోంది.

ఒందీనా నా చిట్టా తిరగేసింది.
"ముప్పై ఎనిమిది దాటడం లేదు, లుదువీనా.
ఆపరేషన్ కుదుపుకి కొంత ఎలాగూ రాలుతుంది, మళ్లీ వస్తుంది.
మిగతాదే నా దిగులు. జుట్టు కూడా ప్రోటీనే.
సరుకు తక్కువైతే ఒళ్లు ఇల్లాలిలాంటిది:
గుండెకి వడ్డించి తలకి ఎగ్గొడుతుంది."

ఆ శుక్రవారం అందరూ వెళ్లాక నేల ఊడ్చాను.
ఎర్మీనియా గారి వెండి పోగులు,
పోలీసు కుర్రాడి నల్ల ముళ్లు,
పెళ్లికూతురి తేనెరంగు కుచ్చు.
ఏమనిపించిందో, వంటింటి తక్కెడ తెచ్చి తూచాను.
అరవై రెండు.
ఒక్కదాన్నే నవ్వాను,
కుట్ల మచ్చలు చిమచిమలాడేదాకా.

మా అమ్మ డబ్బాల ఫ్యాక్టరీలో
కత్తెరతో కవళ్ల తలలు తెగ్గొట్టేది.
ఇంటికొచ్చి చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుని
మాకు జడలు వేసేది.
అయినా జడ నిండా చేప.
బడిలో బెంచీ మీద నా పక్కచోటు ఖాళీ.
షాంపూల మధ్య బతుకుదామని ఈ పనిలోకి వచ్చింది
అందుకే, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఒందీనా రాసిచ్చిన కొత్త చీటీలో
మొదటి పేరు: కవళ్లు.
అరడబ్బా చాలు, పది గ్రాములు దాటుతుంది.
మెత్తన. ముల్లుతో సహా నమలొచ్చు.

జూన్ రాత్రి. వీధంతా బొగ్గుల కుంపట్లు.
అబీలియుకి ప్రేమ నోటితో చెప్పడం రాదు,
పెళ్లయిన నాటి నుంచీ పళ్లెంతోనే చెప్తాడు.
నేను ఇంత తగ్గిపోయాక
పాపం, మాటలు పోయిన మనిషిలా తిరుగుతున్నాడు.
అలవాటుగా ఆరు చేపలు నాకు వేసి,
ఆగి,
అయిదు తీసేశాడు.
ఉన్న ఒక్కదాని తోలు ఒలిచి
చిక్కు తీసినట్టు నెమ్మదిగా వెన్నుముల్లు లాగి
కండని గోరంత ముక్కలు చేసి
నా ముందుకి జరిపాడు.
వేళ్లు కాలాయి కాబోలు, చొక్కాకి తుడుచుకున్నాడు.

మంచినీళ్లు అరగంట తర్వాతే.
వైన్‌ని వాసన చూసి పక్కన పెట్టాను.
పొగలోంచి మా మరిది కేక:
"ఇంతేనా వదినా, ఇది పిల్లి భోజనం!"
వీధిలో సగం మంది ఇటు తిరిగారు.

నములుతున్నాను.
పదిహేడు. పద్దెనిమిది.
ఉప్పు, బొగ్గు, అమ్మ చేతులు.
ఉండవయ్యా,
ఇరవై అయిదు కానీ, చెప్తాను.