చమ్కీ పంచదార

పొట్ట డాక్టరు ఇచ్చిన కాగితంలో
ఉల్లి కొట్టేశారు, వెల్లుల్లి కొట్టేశారు,
గోధుమపిండి, గేదె పాలు, మామిడిపండు.
తేనె మీద మాత్రం రెండు గీతలు.

తేనె కూడానా, అన్నాను.
ఊరంతా మంచిదనే తేనె
నా పేగుల్లో పొంగుతుందట.
ఊరంతా తిట్టిపోసే పంచదార
చెంచా దాటకపోతే ఫరవాలేదట.

జ్ఞానాపురం బేకరీలో పంతొమ్మిదేళ్ళు
ఎవరెవరి పుట్టినరోజుల మీదో గులాబీలు పిండాను,
వేళ్ళకంటిన క్రీము కొంగుకి తుడుచుకుంటూ.
ఈ శుక్రవారం నాకు యాభై.
నా కేకు నేనే చేసుకుంటానంటే
మా ఆయన నవ్వాడు, గుడ్లు మాత్రం తెచ్చాడు.

బియ్యప్పిండి మరపట్టించాను.
మరి పైన ఏం చల్లాలి?

పూర్ణామార్కెట్లో మస్తానయ్య కొట్టు,
గోడ నిండా సీసాలు:
వెండి గుళ్ళు, గులాబి రవ్వ,
పగిలిన గాజుల్లాంటి ఆకుపచ్చ పలుకులు.
"ఏటమ్మా, ఇన్నాళ్ళూ కిలోల లెక్కన పట్టుకెల్లేదానివి,
ఇయాల సీసా అడుగులు సూస్తన్నావు?"

మేనల్లుడు కిరీటి ఫోన్ను భూతద్దం చేసి
చీమ తలంత అక్షరాలు చదివాడు.
పాలపొడి ఉందత్తా, పక్కన పెట్టు.
ఇది అద్దంలా మెరుస్తోంది, కానీ ఐసోమాల్ట్.
ఇందులో సార్బిటాల్.
చక్కెర లేనిదని డప్పు కొట్టుకున్న సీసాలోనే
నాకు పడనిదంతా దాక్కుంది.

చిట్టచివర, దుమ్ము పట్టిన ఒక సీసా:
పంచదార, రంగు. అంతే.
మా నాన్న పోర్టు జీతం చీటీలా
ముట్టినది, సంతకం.

ఈ ఊళ్ళో ఉప్పు కూడా ఏడుస్తుంది.
సాయంత్రానికి సముద్రగాలి వంటింట్లోకొచ్చి
మూత తీసిన సీసాలో చెయ్యి పెట్టింది.
పలుకులన్నీ ఒక్క ముద్ద, ఆకుపచ్చ చెమట.
నాలుగు బియ్యపు గింజలు వేశాను, లాభం లేదు.
ఆర్పేసిన ఓవెన్లో, మిగిలిన వేడిలో
పళ్ళెం మీద పరిచి, తలుపు వారగా తెరిచి,
పసిపిల్లని పడుకోబెట్టినట్టు పక్కనే కూర్చున్నాను.

ఆరాయి. గలగలలాడాయి.
చెంచాతో కొలిచి, పైన తల గీరి,
కేకు అంచున నెలవంకలా చల్లాను.
ఎవరి పేరూ రాయలేదు.
కిరీటి కొవ్వొత్తి మర్చిపోయాడు,
అగ్గిపుల్ల గీసి పట్టుకున్నాడు, వేలు కాల్చుకున్నాడు.

ఒక ముక్క తిన్నాను.
కరకరమంది నోట్లో,
వాన ముందు రేకు మీద పడే తొలి చినుకుల్లా.

తర్వాత నడుం వాల్చి, అరచెయ్యి పొట్ట మీద పెట్టి
ఎదురుచూశాను.
రెండింటికి హార్బరులో ఓడ కూసింది.
పొట్ట పలకలేదు.