కింది వాటావాళ్ళు

అద్దె కట్టరు. అడిగే మొహం నాకూ లేదు,
ముందెవరు వచ్చారో ఆ కొండనే అడగాలి.
వెల్లింగ్టన్ దక్షిణపు ఒడ్డున
గాలి పొద్దస్తమానం తలుపుతో వాదించే ఈ చెక్క ఇంట్లో
పైన నేను, నైరీని, సిటీ బస్సు డ్రైవర్ని.
నేల పలకల కింద
కిలో తూగీ తూగని పెంగ్విన్లు, ఆలూ మగడూ.

మనిషి మొహం ఆనవాలు చిక్కని వేళ
అలల మీద ఒక మరక తేలుతుంది.
ఒడ్డుకొచ్చి పన్నెండు ముక్కలవుతుంది.
ఒక్కో ముక్కా లేచి నిలబడి, అటూ ఇటూ చూసి,
తడి గులకరాళ్ళ మీద
కొత్త చెప్పులు కరిచిన పెళ్ళివారిలా నడుస్తుంది.
వీపంతా సిరాబుడ్డి ఒలికిన నీలం.

ఇల్లు చేరాక ఉంటుంది అసలు సంగతి.
గాడిద ఓండ్ర, తుప్పు పంపు కీచు, పిల్లుల తగువు
మూడూ రోట్లో వేసి నూరినట్టు.
ఇంత ఆలస్యమేమిటని ఆవిడ,
చేపలెక్కడ ఏడిశాయని ఆయన.
ఆ భాష నాకు రాదు. ఆ గొంతు తెలుసు,
మా అమ్మానాన్నలదీ అదే.
వాసన గురించి చెప్పను,
మీరు భోజనం ముందు కూర్చుని ఉండొచ్చు.

మొన్న చలికాలం కౌన్సిల్ నుంచి తామతి వచ్చాడు,
చేతి తొడుగులూ ఒక అట్టపెట్టే పట్టుకుని.
"రేవవతల గూళ్ళు కట్టాం, హాయిగా ఉంటారు."
మూడో రాత్రికి తిరిగొచ్చేశారు,
రెండు మలుపులూ ఒక పెట్రోలు బంకూ దాటి.
ఆ రెండు రాత్రులూ నాకు కునుకు పట్టలేదని
తామతికి చెప్పలేదు.

ఫిబ్రవరిలో ఈకలు రాలుస్తారు.
కొత్త చొక్కా కుట్టడం అయ్యేదాకా
నీళ్ళలో దిగరాదు, తిండి లేదు.
చిరిగిన దిళ్ళలా మూల నిలబడి
ఒకరినొకరు పలకరించుకోరు కూడా.
ఆ నెలే నా మోకాలికి కత్తి పడింది.
పదిహేడు రోజులు
పైన నేను, కింద వాళ్ళు,
ఎదురుగా సముద్రం, ఎవరికీ పనికిరాకుండా.
నేను సూపు తాగాను. వాళ్ళకి అదీ లేదు.
సిగ్గేసి, చెంచా చప్పుడు కాకుండా తాగాను.

ఇప్పుడు మళ్ళీ డ్యూటీ. తెల్లారకముందే మొదటి ట్రిప్పు.
మా ఇంటి మలుపులో
హెడ్‌లైట్లు ఆర్పి బస్సు ఆపాను.
ఆస్పత్రి ఊడ్చే కుర్రాడొక్కడే వెనక సీట్లో,
"బండి చెడిందా?" అన్నాడు.
"లేదు. మావాళ్ళు దాటుతున్నారు."
ఇద్దరు దాటారు.
మూడోది, ఎవరి వాటాదో,
రోడ్డు మధ్యలో ఆగి
ముందు టైరుని కాసేపు పరీక్షగా చూసి
బేరం కుదరనట్టు వెళ్ళిపోయింది.