మొదటివాడు

యొకొతెలో మంచు కిటికీ సగందాకా పేరుకున్న రోజు
ఒక కుర్రాడు నా బల్లమీద బూడిదరంగు కేసెట్ పెట్టాడు.
వెనక మార్కరుతో వంకరటింకర రాత:
ఇవాబుచి, ఐదో తరగతి, రెండో సెక్షన్.

"నీ పేరా?"
"కాదండీ. పాతసామాన్ల కొట్లో మూడొందల యెన్‌లకి కొన్నాను.
లోపల ఎవరిదో ఆట ఉంది.
బ్యాటరీ చచ్చిపోయేలా ఉంది.
ఆ ఆట పోకూడదు."

ఇరవై ఏళ్ళుగా అందరూ తమది పోకూడదని వచ్చారు.
ఎవరిదో పోకూడదని వచ్చింది ఇతనే.

ఆ ఆట నాకు తెలుసు.
మొదటి భాగంలో అతను లేడు.
చిత్తడినేల గుహలో ఒక రాతిపలక ఉంది, అంతే,
అక్షరాలు నాచు తినేసింది.
ఊరూరా ముసలివాళ్ళ నోట మాత్రం ఒకటే మాట, మొదటివాడు.
మొదటివాడు దాటిన వాగు, మొదటివాడు తాగిన బావి.
సత్రం యజమాని అయితే
మొదటివాడు ఎగ్గొట్టిన బాకీ కూడా
చిట్టా తెరిచి చూపించేవాడు.

రెండో భాగంలో అతని కవచం దొరికింది,
ఎడమ భుజం దగ్గర చిల్లుతో.
ఆ చిల్లు ఎలా పడిందని
బళ్ళో ఒక చలికాలమంతా కొట్టుకున్నాం.

మూడో భాగం మొదలవుతూనే ఎప్పటిలాగే పేరడిగింది.
ఫుసాఎ, అని నా పేరే ఇచ్చాను.
నలభై గంటలు నడిచాను.
ఒక పక్షిరాక్షసి ముక్కు నా ఎడమ భుజంలో దిగింది.
అప్పుడైనా అనుమానం రాలేదు.
అన్నీ అయిపోయాక దారి ఒక గుహలోకి తీసుకెళ్ళింది.
అక్కడ రాతిపలక.
నాచు లేదు. అక్షరమూ లేదు.

వెన్ను జలదరించింది.
ఇన్నేళ్ళూ నేను వెతికినవాడి బూట్లలో
నా కాళ్ళే ఉన్నాయి.

"వెనక వచ్చేవాళ్ళకి ఒక మాట" అంది తెర.
పన్నెండు అక్షరాలకి చోటు.
పదమూడేళ్ళ పిల్ల ఏం రాస్తుంది?
వెలుగు, ధైర్యం, అలాంటివే ఏవో.

కుర్రాడి కేసెట్ పెట్టి చూశాను.
ఇవాబుచి గుహదాకా వచ్చాడు. పలక మీద చెక్కాడు:

ముందు అన్నం తిను.

నవ్వొచ్చింది.
ఐదో తరగతి వాడికి వెనకతరాల సంగతేం తెలుస్తుంది?
రోజూ వంటింట్లోంచి వినబడే కేక తెలుసు, అదే రాశాడు.

కుర్రాడు నవ్వలేదు.
"పరీక్ష పోయాక మూడు రోజులు తలుపు తియ్యలేదండీ.
ఇది చదివి లేచి బియ్యం కడిగాను" అన్నాడు,
గోడమీది వెలల పట్టిక కేసి చూస్తూ.

పాత బ్యాటరీ పీకేస్తే ఆ క్షణంలోనే అన్నీ పోతాయి.
వీరుడు, కవచం, పలక, అన్నం.
ఒక్కటే దారి.
పాతది తెగకముందే
బయటినుంచి ఎవరో కరెంటు అందిస్తూ ఉండాలి.
రెండు సన్నటి తీగలు, మూడు వోల్టులు.
తీగలు కుర్రాడి చేతికిచ్చాను.
"కదలకు."
వాడు ఊపిరి కూడా బిగబట్టాడు.

పేరు నిలబెట్టడం అని పెద్దలు ఊరికే అంటారు,
అందులో ఇంత టంకం పొగ ఉంటుందని ఎవరూ చెప్పరు.
పాతది ఊడింది. కొత్తది అతికింది.
తెర వెలిగింది. ఇవాబుచి ఉన్నాడు.

అసలు ఇవాబుచికి ఇప్పుడు యాభై దగ్గరపడి ఉంటాయి.
ఎక్కడో మంచులో లారీ నడుపుతుంటాడేమో,
నడుంనొప్పికి పట్టీ వేసుకుంటాడేమో.
తనొక పూర్వీకుడని అతనికి తెలియదు.

కుర్రాడు గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.
"మీరేం రాశారు పలక మీద?"
"నాది ఎప్పుడో చెరిగిపోయింది" అన్నాను.
ఏ వేసవిలో చెరిగిందో కూడా చూసుకోలేదు.

కడ్డీ ఆర్పేశాను.
వేళ్ళకి సీసం వాసన.
గడియారం మూడు దాటింది.
పొద్దుటినుంచీ నేనూ ఏమీ తినలేదు.