చేతులు రావు

నాకు చేతులు రావు.
ముక్కు వస్తుంది, చెవి వస్తుంది,
నాగావళి మీది పాత వంతెన ఒక్కో స్తంభంతో సహా వస్తుంది.
చేతి దగ్గరికొచ్చేసరికి
వంకాయ తొడిమలాంటిదేదో గీసేసి
మనిషికి సంచీ పట్టించేస్తాను.
మూడేళ్ళ ఆదివారాల్లో
నా బొమ్మల్లో జనమంతా
జేబుల్లో చేతులు పెట్టుకున్నవాళ్ళే,
చెంగు కింద దాచుకున్నవాళ్ళే.

టీకొట్టు తవిటయ్య మమ్మల్ని బొమ్మలోళ్ళు అంటాడు.
ఏడుగురం. వానొస్తే నలుగురం.
కండక్టరు అసిరినాయుడు
టికెట్ల రోలు వెనకవైపు బాల్‌పెన్నుతో
పాలకొండ బస్సులో నిద్రపోయే తలల్ని గీస్తాడు.
నర్సు దమయంతి రంగులు ఇంజెక్షన్ సీసాల్లో కలుపుకొస్తుంది.
భువనేశు ఇంట్లో ట్యూషనని చెప్పి వస్తాడు.
దాలయ్య మాస్టారైతే
బళ్ళో ముప్పై ఏళ్ళపాటు డ్రాయింగు పిరియడ్‌ని
లెక్కల మాస్టారికి అప్పిచ్చి అప్పిచ్చి రిటైరయ్యాడు.
ఆ బాకీ ఇప్పుడు మా దగ్గర వసూలు చేస్తున్నాడు.
"చూపు ముందు, పెన్సిలు తరవాత" అంటాడు అందరితో.
నా పేజీ చూసి మాత్రం ఏమీ అనడు.
మెల్లగా మూసి నా చేతికే ఇచ్చేస్తాడు.

మాఘమాసంలో ఒక ఆదివారం
చిలకపాలెం మీదుగా పొందూరు వెళ్ళాం.
వాలుగ చేప దవడ ఎముకతో
అరుగు మీద పత్తి దువ్వుతోంది గున్నమ్మ.
పసిపిల్ల తల దువ్వినట్టు కాదు,
విసుగ్గా, బియ్యంలో రాళ్ళేరినట్టు.
తరవాత అరటి దొప్పలోంచి ఏకు తీసి
రాట్నం ముందు కూచుంది.
కుడిచెయ్యి చక్రం మీద.
ఎడంచెయ్యి వెనక్కి, ఇంకా వెనక్కి,
మాకెవరికీ కనపడనిదాన్నేదో గాల్లోంచి లాగుతూ.

"అమ్మమ్మా, ఒక్క నిమిషం చేతులాపవా?"
భువనేశు అడిగాడు.
"ఆపితే తెగిపోద్ది నాయినా.
తెగితే నువ్వతుకుతావేటి?"

తలలు వంచుకున్నాం.
ఏడు పెన్సిళ్ళు, ఒక రాట్నం, ఎక్కడో కోడి.

ఈమెకి సంచీ ఇవ్వడానికి లేదు.
జేబు లేదు. చెంగు నడుముకి బిగించేసుంది.
రెండు చేతులూ ఎండలో.
గీశాను, తుడిచాను. గీశాను, తుడిచాను.
కాగితం అక్కడ నూగు లేచిపోయింది.
పంతం కొద్దీ పల్చటి ఇటికరంగు పూశాను.
చెయ్యి కాలేదు. ఒలికిన టీ అయింది.

ఆ తడి మీద
దూదిపింజ ఒకటి వచ్చి వాలింది.
గోటితో తీసెయ్యబోతుంటే
మాస్టారు నా మణికట్టు పట్టుకున్నాడు.
అప్పుడూ ఏమీ అనలేదు.

ఎండ అరుగెక్కాక గున్నమ్మ లేచి
వరసాగ్గా బొమ్మలన్నీ చూసింది.
దమయంతి బొమ్మలో తన చెవులకి కమ్మలు!
"తాకట్లో ఉండిపోనాయివి.
నువ్వు ఇడిపించీసినావు తల్లీ" అని
పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.
నా దగ్గర నవ్వలేదు.
"ఈ కాయితమెంత బావూ?"
"ముప్పై రూపాయలమ్మా."
ఎన్ని చిలపల నూలో వేళ్ళమీద లెక్కేసుకుంది.
పైకి చెప్పలేదు.
"అలగయితే పారీకు" అంది.

ఉగాదికి గ్రంథాలయం హాల్లో పురికొస కట్టి
బట్టల క్లిప్పులతో మా బొమ్మలు ఆరేశాం.
ఇరవైమంది వచ్చారు,
అందులో పన్నెండుమంది దమయంతి ఆసుపత్రివాళ్ళు.
తవిటయ్య టీలు తెచ్చి నా బొమ్మ ముందు ఆగాడు.
"సెయ్యేది గురూ?"

పైన ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది.
ఎండిన రంగుని ఒక్క కొసతో పట్టుకుని
దూదిపింజ
లేస్తోంది, పడుతోంది.

"అదిగో" అన్నాను.

వాడు గ్లాసుల ట్రే దించకుండానే
చాలాసేపు చూశాడు.
నేనేమో
ఆ ట్రే అంచున వాడి బొటనవేలు
ఎక్కడ వంగిందో, ఎక్కడ తెల్లబడిందో చూస్తున్నాను.
టీలు చల్లారిపోయాయి.