చెవి లేని నల్లా

రోమ్‌ల ఏం జూసినవ్ సిస్టరూ అని
మర్రిగూడ దిక్కు మా సబ్‌సెంటర్ల అందరడుగుతరు.
బీపీ పట్టా చుట్టించుకుంటనే అడుగుతరు.
ముల్లు మీదికెక్కుతుంటది,
అప్పుడు అబద్ధం చెప్పబుద్ధి గాదు.

నల్లా జూసిన.

నల్గొండ నర్సింగ్ స్కూల్ల నా పక్క మంచం ఫిలోమిన.
ఆ ఊరి ముసలోళ్లకు సాకిరి జేసి జేసి
ఆ ఊరాయన్నే చేసుకున్నది.
ఇరవై యేండ్ల సంది రమ్మంటె రమ్మంటె
మొన్నటి ఎండకాలం పోయిన, పన్నెండు రోజులు.
నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు.
మెట్టుకొక దేవుణ్ణి మొక్కినా
పైకి పోయేసరికి దేవుళ్లు ఒడిసిపోయిండ్రు.

ఫిలోమినకు డ్యూటీ, ఆయనకు బస్సు తోలే డ్యూటీ.
నన్ను తిప్పింది వాళ్లత్త, అసుంత.
డెబ్బయారేండ్లు. చేతిల కర్ర, నోట్ల ఆగని మాట.
ఆమె బాస నాకు రాదు, నాది ఆమెకు రాదు.
ఇద్దరం మస్తు ముచ్చట పెట్టుకున్నం.

గుండ్రంగ కూలిన పెద్ద కట్టడం చూపెట్టింది.
నాకు దేవరకొండ ఖిల్లా యాదికొచ్చింది.
సగం గోడ, సగం గాలి.
టికెట్టు రూపాయలల్ల లెక్క జేసి
బయటికెల్లే మంచిగున్నదన్న.
ఫోటో దిగమంటె దిగిన, పెదవులు మూసి.
నా పండ్ల మీది గోధుమరంగు చారలు
పాస్‌పోర్టుకు గూడ చూపియ్యలే నేను.

గల్లీ మలుపుల, నా నడుమెత్తు, ఇనుపది.
ముక్కు వంచుకొని ధారగ పోతనే ఉన్నది.
బిందె లేదు, వరుస లేదు, తిట్టుకునుడు లేదు,
దగ్గర ఒక్క మనిషి లేడు.
ఉరికిన, బంద్ జెయ్యనీకె.
ముందట తడిమిన, ఎనుక తడిమిన, కింద తడిమిన.
మెలిపెడదామంటె చెవి లేదు దానికి.

అసుంత నవ్వి నవ్వి కర్ర జారిడిసింది.
సూర్యుణ్ణి చూపెట్టింది, చెంప కింద చెయ్యి పెట్టి నిద్ర చూపెట్టింది,
మల్ల ధార చూపెట్టింది.
పగలు గట్లనే, రాత్రి గట్లనే.

ఆడ నిలబడి ఏడ్సినవా అని ఎల్లమ్మ అడిగింది.
లేదు. లెక్క జేసిన.
నిమిషానికి బిందె తక్కువ లేదు.
మా అవ్వ బోరింగు కొట్టి కొట్టి తెచ్చిన నీళ్లు
ఎంత తేటగుండె! బిందె అడుగు కనిపించేది.
గా తేటనే నమ్మినం.
అవ్వ నడుము వంగినంక గూడ నమ్మినం.

ఇంకో దినం చర్చికి తీస్కపోయింది.
బొమ్మలన్నీ కప్పు మీదనే గీసిండ్రు,
అందరు మెడలెత్తి నోర్లు తెరిసి చూస్తుండ్రు.
నా మెడ ఎత్తితె సగం దాకనే పోతది.
స్తంభాలు చూసి చాలన్నట్టు నిలబడ్డ.
అసుంత ఏమనలే. సంచి దేవులాడి
పౌడర్ డబ్బ తీసి, మూత తెరిసి,
చిన్న అద్దం నా అరచేతుల పెట్టింది.
తల వంచుకొనే చూసిన
మబ్బులు, రెక్కలు, ఎవరిదో పాదం.
పాదం కింద మురికి గూడ గీసిండు వాడు.

అద్దం తిరిగియ్యంగ
ఆమె తన కట్టుడు పండ్లు బయటికి తీసి చూపెట్టింది!
ఇగ నవ్వాగలే నాకు.
నోరంత తెరిసి నవ్విన, చర్చిల, సిగ్గు లేకుంట.
ఎవరో ఉష్షన్నరు.

ఇప్పుడు మాకు కృష్ణ నీళ్లు, దినం తప్పి దినం.
బడిల పిల్లల్ని నిలబెట్టి
గదుమ ఛాతికి ఆనియ్యిమంట.
చేతులు తల ఎనుకకు పెట్టుమంట.
పెడుతుండ్రు, అలకగ, ఆట లెక్క.
అంజలి అనే పిల్ల ఒక్కతే
నువ్వు చేసి చూపెట్టు సిస్టరూ అన్నది.

మా వాడకట్టు నల్లాకు గూడ చెవి ఊడింది మొన్న.
ఎవరో కట్టెపుల్లకు గుడ్డ జుట్టి కొట్టిండ్రు.
రాత్రి చుక్క చుక్క ఇనొస్తది.
బ్యాటరీ పట్టుకొని లేస్త,
గుడ్డ బిగిస్త.
మల్ల పండుకుంట, నిద్ర రాదు.
గా గల్లీ మలుపుల
గది ఇంక పోతనే ఉంటది.