కారణం రాయండి

సొహార్లో మా ఇంట్లో కంప్యూటరు
కుట్టుమిషను పక్కన ఉంటుంది.
నాగూరు వెళ్ళిపోతూ ఒక తమిళాయన అమ్మేసిపోయాడు,
అక్షరాలు సగం అరిగిన కీబోర్డుతో సహా.
ఏది ఎక్కడుందో వేళ్ళకే తెలియాలి.

ఆయన నైట్ డ్యూటీకి పోర్టుకెళ్ళాక
పిల్లల యూనిఫాంలు ఇస్త్రీ చేసి
తలుపు గడియ పెట్టి
ఒక్క మాట టైపు చేశాను, తడుముకుంటూ.
తెర మీద అరబ్బీలో నాలుగు వరుసలు,
కింద ఇంగ్లీషులో రెండు:
ఈ పేజీ మర్యాదకు విరుద్ధం.
చూడటానికి వీల్లేదు.

కాలే గిన్నె తగిలినట్టు
చెయ్యి వెనక్కి లాక్కున్నాను.
పిల్లలు నిద్రపోతున్నారని తెలిసీ
వెనక్కి తిరిగి చూశాను.

నేనడిగింది ఒక గడ్డ గురించి.
ఎడమ వైపు, చంక దిగువన,
నానబెట్టిన శనగగింజంత.
స్నానంలో సబ్బు జారుతూ జారుతూ ఆగిన చోటు.
ఆ చోటుకి ఒక పేరుంది. ఆ పేరే తప్పట.
ఇద్దరు బిడ్డలు ఏ పేరూ తెలియకముందే
దాన్ని వెతికి పట్టుకున్నారు
కళ్ళు మూసుకునే.

పై అంతస్తులో కర్నూలు వాళ్ళబ్బాయి ఇలియాజ్‌కి
దొడ్డిదారి తెలుసు.
బిల్డింగులో సగం మందికి వాడే పెట్టిచ్చాడు,
క్రికెట్టుకి, ఊరికి ఉచితంగా మాట్లాడుకోడానికి.
"ఏ సైటు ఆంటీ?" అంటాడు.
పద్నాలుగేళ్ళవాడికి ఏమని చెప్పను?
అయినా మెట్లెక్కాను.
వాళ్ళమ్మ తలుపు తీస్తే
కరివేపాకుందా అని అడిగి
రెండు రెబ్బలు పట్టుకుని దిగొచ్చాను.
మా ఫ్రిజ్‌లో బోలెడు కరివేపాకు.

ఆసుపత్రికి వెళ్ళొచ్చు కదా.
వెళ్ళొచ్చు. ఇన్సూరెన్సు కార్డు ఆయన జేబులో ఉంది.
ఎందుకు అంటాడు.
ఆ ఎందుకుకి ముందు నా దగ్గరో జవాబుండాలి.
ఏమీ కాకపోతే నవ్వులపాలు.
ఏదైనా అయితే,
అందుకే ఆ పేజీ కావాలి నాకు.

రెండో రాత్రి అదే గోడ.
ఈసారి చివరిదాకా చదివాను.
అడుగున, చీమతల అక్షరాల్లో:
పొరపాటున మూశామనుకుంటే ఇక్కడ నొక్కండి.
నొక్కాను.
పేరు. ఈమెయిలు. ఒక ఖాళీ గడి.
కారణం రాయండి.

'సార్' అని మొదలుపెట్టి కొట్టేశాను,
మేడమ్ అయినా కావచ్చు.
'పిల్లల స్కూలు పని' అని రాసి కొట్టేశాను.
ఎనిమిదో తరగతి ఇంగ్లీషంతా కూడదీసుకుని
చివరికి ఉన్నదే రాశాను:
నాకొక గడ్డ ఉంది.
చెడ్డ చోట కాదు, నా ఒంట్లో.
భయంగా ఉంది. చదువుకోవాలి.

అమ్మకి చెప్పలేదు. ఆయనకి చెప్పలేదు.
ముఖం తెలియని ఒక బల్లకి చెప్పాను.

నాలుగు రోజులు.
ఇసకగాలి లేచింది. ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతికాను.
ఐదోనాడు పేజీ తెరుచుకుంది,
చప్పుడు లేదు, క్షమాపణ లేదు.
పెన్సిలు బొమ్మలో ఒకామె అద్దం ముందు
చెయ్యెత్తి, మూడు వేళ్ళతో
చిన్న చిన్న సున్నాలు చుడుతోంది.
ఎంత మామూలు మనిషి!
చక్కగా తల కూడా దువ్వుకుంది.

నేనూ చెయ్యెత్తాను. సున్నాలు చుట్టాను.
శనగగింజ కదిలింది.
కదిలితే చాలాసార్లు ప్రమాదం కాదట.
అయినా చూపించుకోవాలట.
రెండు వాక్యాలూ పాత మందుల చీటీ వెనక రాసుకున్నాను,
పొద్దున్నే ఆయన టీ గ్లాసు కింద పెట్టడానికి.

ఏ డాక్టరు, ఏ పరీక్ష అని
నీలం గీత మీద నొక్కాను.
మళ్ళీ గోడ. అదే మర్యాద.

చెయ్యి వెనక్కి లాక్కోలేదు.
అడుగుకి దిగాను.
పేరు. ఈమెయిలు. గడి.
కారణం రాయండి.

మళ్ళీ నేనే.