వరస

మేళ్లచెర్వు కోర్ షెడ్డుల
పదకొండేండ్లు రాళ్లకు కావలున్న.
డ్రిల్లు కక్కిన రాతికడ్డీలను
రేకు డబ్బాలల్ల పండవెట్టి
నూట నలభై రెండు మీటర్లు, నూట నలభై మూడు,
పసుపు రంగుతోని లోతులు రాసెటోణ్ణి.
ఒక్క కడ్డీ తారుమారైతే
ఒక సముద్రం తలకిందులైతదని
నుస్రత్ మేడం చెప్పినదాంక
అవి నాకు ఉత్త రాళ్లే.

సముద్రమా? ఈడనా?
ఎండకాలం కృష్ణల బిందె మునగని చోటనా?

ఆమె నవ్వలే.
గోరంత నల్లపలక గిల్లి
ప్లాస్టిక్ గిన్నెల ఆసిడ్ పోసింది.
"గాజునైతే తింటది" అని నన్ను దూరం జరిపింది.
మూడు దినాలకు రాయి పోయింది.
అడుగున కాటుకంత మడ్డి.

ఒక కన్ను మూసి సూసిన.
తేనెరంగు బుడగ.
నలిగిన అంచు,
ఖాళీ చేసి మడిచిన సంచి లెక్క.
ఆకు కాదు, ఎముక లేదు, కన్ను లేదు.
ఇంత సన్నది
అంత బండ బరువును ఎట్ల ఓర్సుకున్నదో!
"అక్రిటార్కు అంటరు.
ఎవరి బిడ్డో తేలలేదని ఆ పేరు."

"ఎన్నేండ్లది మేడం?"
"సంవత్సరం చెప్పదు సైదులూ,
వరస చెప్తది.
ఎవరి మీద ఎవరు పండుకున్నరో."
ఇంకో డబ్బా మూత తీసింది, కొడంగల్ దిక్కుది.
దాంట్ల గూడ అదే బుడగ, అదే ముడత.
మధ్యలంత గ్రానైటు గుట్టలు, ఒక్కదానికి మాట రాదు.
"ఆ పొర, ఈ పొర తోబుట్టువులు" అన్నది.

ఆ రాత్రి నిద్ర వట్టలే.

కాగితంల నా పుట్టుక జులై ఒకటి.
మా తరగతి మొత్తం ఆ ఒక్కనాడే పుట్టినం,
పంతులు పెన్నుకు పుట్టినం.
ఆ లెక్కన వచ్చే నెలకు అరవై,
తాళాలు అప్పజెప్పాలె.
అమ్మ లెక్క వేరే:
"ఎడమ కాలువకు మొదటి నీళ్లొచ్చిన యేడు,
జాన్‌పహాడ్ ఉర్సు ఎల్లినంక మూడో శుక్రారం.
నీళ్లు ఎర్రగుండె కొడుకా,
నురుగు మీద తేళ్లు కొట్టుకవోతుండె."
ఆఫీసుల చెప్తే
తేళ్లకు సర్టిఫికేట్ ఉన్నదా అన్నరు.

తెల్లారి క్వారీల, ఛాయ్ కాడ,
పాలమూరు కుర్మయ్యను అడిగిన:
నువ్వెప్పుడు పుట్టినవే?
"నాకేమెరుక? మా యవ్వ ఆ కాలువకే తట్ట మోసె.
నీళ్లిడిసిన్నాడు కట్టమీద నిలవడితే
కడుపుల నేను తన్నిన్నట.
ఎర్రనీళ్లంట. నురుగు మీద
ఒకటే తేళ్లంట."

గ్లాసు పెదవి కాడ ఆగింది.
ఒకరి మొకం ఒకరు ఎరుగని ఇద్దరు తల్లులు,
రెండు బొందలల్ల ఎప్పుడో మన్నైనోళ్లు,
అవే తేళ్లు.

మేడంకు చెప్పిన.
కళ్లద్దాలు కొంగుతోని తుడుసుకుంట
చానాసేపటికి, "వరస కలిసింది" అన్నది.
కాగితమైతే ఇయ్యలే.
ఆమె కాడ గూడ లేదు.

తాళాలిచ్చిన నాడు
ఆఖరి డబ్బా మీద లోతు రాసి
పక్కన చిన్న తేలును గీసిన.
రంగు కారిందనుకొని
కొత్తోడు గోకేస్తడో, ఉంచుతడో.

మా ఇద్దరిల ఎవరు ముందన్నది
అంత సన్నగ తేలదట.
అందుకే కుర్మయ్య నన్ను అన్నా అంటడు.
నేను వాణ్ణి అన్నా అంట.